భాష పీరియడులో పిల్లల వాటా

భాష ఎలా నేర్పాలన్న చర్చ ఎక్కడ మొదలైనా కాసేపట్లోనే రెండు జట్లు తయారవుతాయి. వ్యాకరణం గట్టిగా పట్టుబడకపోతే భాష రాదనేవాళ్లు ఒకవైపు. పసిపిల్లలకి వ్యాకరణం ఎవరు నేర్పారు, మాట్లాడిస్తే అదే వస్తుందనేవాళ్లు ఇంకోవైపు. చాలాకాలంగా భాష చెప్పే పనిలో ఉన్నాను కాబట్టి రెండు జట్ల వాదనలూ నాకు కంఠతా వచ్చు. ఇద్దరూ టీచరు గురించే మాట్లాడతారు. టీచరు సూత్రం చెప్పాలా, కథ చెప్పాలా, అనువాదం చేయించాలా, క్లాసులో మాతృభాష ఎత్తవచ్చా లేదా? ఆ నలభై అయిదు నిమిషాలూ బెంచీ మీద కూర్చున్న పిల్ల ఏం చేస్తోందన్న ప్రశ్న మాత్రం ఎప్పుడో గానీ రాదు.

నా దృష్టిలో పద్ధతుల్ని పోల్చడానికి పనికొచ్చే కొలబద్ద అదొక్కటే. ఆ పిల్ల ఈ పీరియడులో ఎంత భాషని అర్థం చేసుకుంటూ విన్నది, చదివింది? ఎంత భాషని తనంతట తాను గుర్తు తెచ్చుకుని వాడింది? తప్పు చేసినప్పుడు అది తప్పని తనకి తెలిసిందా? పద్ధతి పేరేదైనా, ఈ మూడింటికీ తోడ్పడినంత మేరకే దానికి విలువ.

ముందు ఒక లెక్క వేద్దాం. క్లాసులో 40 మంది. పీరియడు 45 నిమిషాలు. అందులో 25 నిమిషాలు టీచరే మాట్లాడతారనుకుందాం. మిగిలిన 20 నిమిషాల్లో ఒక్కొక్కర్నీ లేపి ప్రశ్న అడిగితే ఒక్కో విద్యార్థికి దక్కేది 30 సెకన్లు. వారానికి మూడు పీరియడ్లు, ఏడాదికి 40 వారాలు అంటే 120 పీరియడ్లు. ఏడాది పొడవునా కలిపి ఒక విద్యార్థి నోరు విప్పేది 60 నిమిషాలు! క్లాసుకి 'సంభాషణ పద్ధతి' అని పేరు పెట్టినా ఈ లెక్క మారదు. అదే 20 నిమిషాలూ ఇద్దరిద్దర్ని జతకట్టి మాట్లాడుకోమంటే తలా పది నిమిషాలు వస్తాయి, ఏడాదికి 20 గంటలు. పుస్తకం మారలేదు, సిలబస్ మారలేదు, టీచరు మారలేదు. అందరూ బుద్ధిగా మాట్లాడరు, కొందరు మాతృభాషలోకి జారుకుంటారు, గోల అవుతుంది, ఇవన్నీ నిజమే. అందులో సగం వృథా అయినా పది గంటలు మిగులుతాయి కదా.

పద్ధతుల మధ్య పోటీ పెట్టి చూసినవాళ్లు లేకపోలేదు. 1960ల మొదట్లో కొలరాడో విశ్వవిద్యాలయంలో షెరర్, వెర్ట్‌హైమర్ అనే ఇద్దరు, జర్మన్ కొత్తగా నేర్చుకుంటున్న దాదాపు 300 మంది విద్యార్థుల్ని రెండుగా విడగొట్టారు. సగం మందికి పాత వ్యాకరణ–అనువాద పద్ధతి, అంటే సూత్రాలు నేర్చుకుని వాక్యాలు అనువదించడం. మిగతా సగానికి అప్పట్లో కొత్తగా వెలిగిపోతున్న ఆడియోలింగ్వల్ పద్ధతి, అంటే వినడం, అనడం, వాక్యనిర్మాణాల్ని డ్రిల్లులా వల్లించడం. మాట్లాడటం సాధన చేసినవాళ్లకి మాట్లాడటం మెరుగ్గా వచ్చింది. చదవడం, రాయడం సాధన చేసినవాళ్లకి అవి మెరుగ్గా వచ్చాయి. రెండేళ్లయ్యేసరికి మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. ఆ తర్వాత పెన్సిల్వేనియా రాష్ట్రంలో రెండువేలకు పైగా హైస్కూలు విద్యార్థులతో ఇంకా పెద్ద ఎత్తున ఇలాంటి ప్రయత్నమే జరిగింది. అక్కడా కొత్త పద్ధతి గెలవలేదు. పాత పద్ధతిలో చదువుకున్నవాళ్లే చదవడంలో కాస్త ముందున్నారు. టేపులు వింటూ అభ్యాసం చేయడానికి బోలెడు ఖర్చుపెట్టి కట్టిన లాంగ్వేజ్ లాబొరేటరీల వల్ల ఫలితాల్లో తేడా కనబడలేదు.

ఈ ఫలితాలు చూసి 'పద్ధతేదైనా ఒకటే' అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఏది చేయించారో అదే వచ్చిందన్న మాట అందులో స్పష్టంగానే ఉంది. మన గడ్డ మీద జరిగిన ప్రయోగం కూడా ఆ మాటే చెబుతుంది. 1979 నుంచి 1984 దాకా ఇంగ్లీషు బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు దక్షిణ భారతంలోని కొన్ని మామూలు బడుల్లో ఇంగ్లీషు నేర్పడానికి వ్యాకరణ సిలబస్‌నే పక్కనపెట్టేశారు. బెంగళూరు ప్రాజెక్టు అని దానికి ప్రపంచమంతా పేరు. క్లాసులో రైళ్ల టైంటేబుల్ ఇచ్చి ఫలానా ఊరికి ఫలానా వేళకి చేరాలంటే ఏ బండెక్కాలో తేల్చమనేవారు. మ్యాపు ఇచ్చి దారి కనుక్కోమనేవారు. పిల్లల ధ్యాసంతా లెక్క తేలడం మీద ఉండేది, ఇంగ్లీషు దానికి పనిముట్టు. తర్వాత బయటివాళ్లు వచ్చి పరీక్షించినప్పుడు ఈ పిల్లలు విని అర్థం చేసుకోవడంలో, సందర్భంలో భాషని వాడటంలో మెరుగనిపించుకున్నారు. వాక్యనిర్మాణాల పరీక్షలో మాత్రం మామూలు క్లాసులవాళ్లు పైచేయిగా ఉన్నారు. ఎవరు దేనిలో మునిగి ఉంటే వాళ్లకి అది అబ్బింది.

డ్రిల్లుల పద్ధతి అంత పేరు ఎలా తెచ్చుకుందో కూడా చూడాలి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి జర్మన్, జపనీస్, చైనీస్ లాంటి భాషలు తెలిసినవాళ్లు హఠాత్తుగా కావాల్సి వచ్చారు. 1943లో 55 విశ్వవిద్యాలయాల్లో శిక్షణ పెట్టారు. చిన్న చిన్న గుంపులు, ఆ భాష పుట్టుకతో వచ్చిన మనిషి ఎదురుగా, రోజంతా అదే పని. ఫలితాలు బ్రహ్మాండంగా వచ్చాయి. యుద్ధం అయ్యాక బడులు దాంట్లోంచి డ్రిల్లులు మాత్రం తీసుకున్నాయి, గంటల్ని వదిలేశాయి. చిన్న గుంపుల్నీ వదిలేశాయి. భాష కూడా ఒక అలవాటే, పదేపదే చేయిస్తే వస్తుందన్న మనస్తత్వవేత్త స్కిన్నర్ ప్రవర్తనావాదం దన్నుగా ఉన్నన్నాళ్లూ పద్ధతి నడిచింది. 1959లో భాషావేత్త చామ్‌స్కీ ఆ సిద్ధాంతాన్ని ఉతికి ఆరేశాక దాని పునాది కదిలింది. వల్లించిన వాక్యం క్లాసు బయట నోటికి రావడంలేదని టీచర్లకి అప్పటికే అనుభవంలో తెలుసు.

గంటల సంగతి వదిలేసి పద్ధతి గురించి ఎంత మాట్లాడినా దండగే. అమెరికా దౌత్యవేత్తలకి భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అంచనాలు చూడండి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పెద్దవాళ్లు ఉద్యోగానికి సరిపడా స్పానిష్ నేర్చుకోవడానికి 600 నుంచి 750 క్లాసు గంటలు, మన తెలుగుకి 1100, జపనీస్‌కి 2200. అదీ చిన్న క్లాసుల్లో, వేరే పనేమీ లేకుండా. పైన వేసిన లెక్కలో బడి ఏడాదికి ఇచ్చేది 90 గంటలు. 1100 గంటలు పూర్తవ్వాలంటే పన్నెండేళ్లు చాలవు. కాబట్టి ఏ పద్ధతి గురించైనా నేను అడిగే మొదటి ప్రశ్న ఇది: క్లాసు ముగిశాక కూడా పిల్ల ఆ భాషతో గడిపేలా ఇది చేయగలదా?

గంటల కొరతకి మందుగా వచ్చిందే ఇమ్మర్షన్. 1965లో కెనడాలో మాంట్రియల్ పక్కనున్న సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులు పట్టుబట్టి తమ పిల్లలకి కిండర్‌గార్టెన్ నుంచే ఫ్రెంచిలో చదువు చెప్పించారు. ఫ్రెంచి ఒక సబ్జెక్టుగా కాదు, మొదటి ఏళ్లలో అన్ని సబ్జెక్టులూ ఫ్రెంచిలోనే. మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన లాంబర్ట్, టకర్ ఆ పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు. లెక్కలూ సైన్సూ దెబ్బతినలేదు. ఇంగ్లీషు మొదట్లో వెనకబడినా తర్వాత అందుకున్నారు. ఫ్రెంచి వినడంలో, చదవడంలో ఆ భాష పుట్టుకతో వచ్చిన పిల్లల దరిదాపుల్లోకి వెళ్లారు. బడిలో రెండో భాష నేర్పడంలో అంత పెద్ద విజయం నాకింకొకటి తెలియదు.

కానీ నోరు విప్పితే తప్పులు దొర్లేవి. నామవాచకాల లింగం, క్రియారూపాలు, మన 'నువ్వు–మీరు' లాంటి తేడా, ఇవి ఏళ్లు గడిచినా సర్దుకోలేదు. అర్థమయ్యే భాష పుష్కలంగా చెవిన పడితే చాలు, మిగతాది అదే వస్తుందని భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్ గట్టిగా వాదిస్తున్న రోజులవి. మెరిల్ స్వెయిన్ ఈ ఇమ్మర్షన్ పిల్లల్నే చూపించి, 1985లో ఆ వాదనలో లోటు ఎత్తిచూపారు. అర్థం చేసుకోవడానికి భాష మొత్తం అక్కర్లేదు. తెలుగు నేర్చుకుంటున్న ఒకరికి 'నిన్న మా అక్క ఊరి నుంచి వచ్చింది' అనే వాక్యం తెలియడానికి నిన్న, అక్క, ఊరు, రావడం తెలిస్తే సరిపోతుంది. 'వచ్చింది'లో చివరి ముక్కని పట్టించుకోకపోయినా నష్టంలేదు. అదే వాక్యం తను చెప్పాలంటే 'వచ్చాడు'నా, 'వచ్చింది'నా, 'వస్తుంది'నా అని తేల్చుకోక తప్పదు. ఆ తేల్చుకునే క్షణంలోనే తనకి ఏం తెలియదో తెలుస్తుంది. ఇమ్మర్షన్ క్లాసుల్లో పిల్లలు ఎక్కువగా విన్నారు, ఒకటి రెండు మాటల్లో జవాబులిచ్చారు, టీచరు అర్థం చేసుకుని ముందుకి వెళ్లిపోయారు. అందుకే చెవికి వచ్చినంత భాష నోటికి రాలేదు.

తప్పు దిద్దడం దగ్గరకొద్దాం. పద్ధతుల చర్చల్లో దీనికి దక్కే చోటు చాలా తక్కువ, నాకు మాత్రం క్లాసులో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. తెలుగు నేర్చుకునే విద్యార్థి 'నిన్న నేను సినిమాకి వెళ్తాను' అన్నాడనుకోండి. మంచి మనసున్న టీచరు, 'ఓహో, నిన్న సినిమాకి వెళ్లావా! ఏం సినిమా?' అంటారు. తప్పు దిద్దినట్టూ ఉంది, నొప్పించకుండానూ ఉంది. విద్యార్థికి మాత్రం అది మామూలు సంభాషణలాగే వినిపిస్తుంది, సినిమా పేరు చెప్పి ఊరుకుంటాడు. రాయ్ లిస్టర్, లైలా రాంటా 1997లో నాలుగు ఇమ్మర్షన్ క్లాసుల రికార్డింగులు విశ్లేషించి ప్రచురించిన సంగతి ఇదే. టీచర్లు దిద్దిన వాటిలో 55 శాతం ఇలా సరైన రూపంలో తిరిగి చెప్పడమే. వాటిలో విద్యార్థులు ఏ రకంగానైనా స్పందించినవి 31 శాతం. అదే టీచరు 'నిన్న నువ్వు సినిమాకి...' అని ఆగి విద్యార్థి చేతే పూర్తి చేయించినప్పుడు ప్రతిసారీ స్పందన వచ్చింది, దాదాపు సగం సార్లు సరైన రూపం వాళ్ల నోటి నుంచే వచ్చింది. ఆ రెండు క్షణాల మౌనం భరించడం టీచర్లకి కష్టం. జవాబు అందించేయాలని నాలిక దురదపెడుతుంది. ఆపుకోవాలి, ఎందుకంటే ఆ రెండు క్షణాల్లోనే పిల్లవాడు పని చేస్తున్నాడు.

ఇక వ్యాకరణం. చెప్పాలి. సూత్రం చెప్పడం పాపమన్న ధోరణికి నేను పూర్తిగా వ్యతిరేకిని. నోరిస్, ఒర్తేగా 2000లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్ని గుదిగుచ్చి చూస్తే, నిర్మాణాల్ని విడమరిచి నేర్పిన క్లాసులే మెరుగైన ఫలితాలిచ్చాయి. ఆ అధ్యయనాల్లో చాలావాటి పరీక్షలు సూత్రజ్ఞానానికి అనుకూలంగా ఉన్నాయని వాళ్లే హెచ్చరించారు కూడా. నా అభ్యంతరం వ్యాకరణం చెప్పే వేళ గురించి. పుస్తకంలో ఏడో పాఠం కాబట్టి ఈవేళ సంధులు, ఎనిమిదో పాఠం కాబట్టి రేపు సమాసాలు అన్నప్పుడు పిల్లకి ఆ సూత్రంతో పనేమీ ఉండదు. తను రాసిన పేరాలో నలుగురు మనుషులు కలగలిసిపోయి ఎవరు ఎవర్ని కొట్టారో చదివేవాళ్లకి తెలియడంలేదని గ్రహించిన పిల్లకి విభక్తులు చెప్పి చూడండి. పది నిమిషాలు చాలు. పెద్దవాళ్లకి ఈ పది నిమిషాలు మరీ అవసరం. పసిపిల్లలకున్న వేల గంటలు వాళ్లకి లేవు, సూత్రాన్ని అందుకోగల బుర్ర ఉంది. పసిపిల్లల్ని ఉదాహరణగా చూపించి ఉద్యోగస్తుల క్లాసులో వ్యాకరణం మానేయమనడం అన్యాయం.

మాతృభాష మీద నిషేధం గురించి కూడా చెప్పాలి. 19వ శతాబ్దం చివర్లో, నేర్చుకునే భాషలోనే అంతా నేర్పాలనే ప్రత్యక్ష పద్ధతి అనువాదాన్ని క్లాసు నుంచి గెంటేసింది. 1878లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో మొదలైన బెర్లిట్జ్ బడులు ఆ సూత్రం మీదే ప్రపంచమంతా విస్తరించాయి. బొమ్మ, సైగ, చేసి చూపడం, వీటితోనే అర్థం చెప్పాలి. 'కుర్చీ'కి ఇది బాగానే నడుస్తుంది. 'అయినప్పటికీ' అన్న మాటకి సైగ ఏది? దాన్ని నటించి చూపడానికి అయిదు నిమిషాలు తంటాలు పడి, సగం మంది తప్పుగా అర్థం చేసుకున్నారని తర్వాతి వారం కనిపెట్టడం కన్నా మాతృభాషలో ఒక్క ముక్క చెప్పి, మిగిలిన సమయమంతా ఆ మాటతో వాక్యాలు కట్టించడం మేలు. పీరియడు మొత్తం మాతృభాషలో నడిస్తే అది భాష క్లాసు కాదు, ఆ భాష గురించిన ఉపన్యాసం. నిషేధించినవాళ్ల భయం అదే, ఆ భయంలో న్యాయముంది. అర్థం చెప్పడానికి క్షణాల్లో వాడి వదిలేసేదాన్ని కూడా కలిపి నిషేధించడమే అక్కర్లేని కాఠిన్యం. తర్వాతి కాలంలో సంగీతం పెట్టి కుర్చీలో జారగిలబడి నేర్చుకోమన్న సజెస్టోపీడియా, టీచరు దాదాపు మౌనంగా ఉండే సైలెంట్ వే లాంటివీ వచ్చి వెళ్లాయి. వాటి మీద సమయం పెట్టేంత విషయం నాకు కనబడలేదు.

అన్ని పద్ధతులూ చిన్నచూపు చూసిన పని ఒకటుంది. చదవడం. పాఠ్యపుస్తకంలోని రెండు పేజీలు ముక్కచెక్కలు చేసి అర్థాలు రాయించడం కాదు. తనకి నచ్చిన పుస్తకాలు, తన స్థాయిలో, ఒకటి తర్వాత ఒకటి చదువుకుంటూ పోవడం.

1980లో వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగూభాయ్ ఫిజీ దీవుల్లోని పల్లెటూరి బడుల్లో నాలుగు, అయిదు తరగతుల గదుల్లోకి బొమ్మలతో నిండిన 250 ఇంగ్లీషు కథల పుస్తకాల చొప్పున చేరవేశారు. ఆ పిల్లలకి ఇంగ్లీషు రెండో భాష. కొన్ని క్లాసుల్లో టీచరు పెద్ద పుస్తకం పెట్టి అందరితో కలిసి చదివి మాట్లాడించారు. కొన్నింట్లో రోజూ కాసేపు ఎవరి పుస్తకం వాళ్లు నిశ్శబ్దంగా చదువుకున్నారు. పోలికకి పెట్టిన క్లాసుల్లో మాత్రం అప్పటికి వాడుకలో ఉన్న డ్రిల్లుల సిలబస్ నడిచింది. ఎనిమిది నెలలు తిరిగేసరికి కథలు చదివిన పిల్లలు చదివి అర్థం చేసుకోవడంలో, విని అర్థం చేసుకోవడంలో మామూలుకి రెండింతల వేగంతో ఎదిగారు. 20 నెలలకి ఆ మేలు ఇతర భాషా నైపుణ్యాలకీ పాకింది. డ్రిల్లు చేయకుండానే! ఇక్కడ 'ఏది చేయిస్తే అదే వస్తుంది' అన్న మాటని కాస్త సవరించుకోవాలి. చదవడం చదవడంతో ఆగలేదు. ఒక డ్రిల్లు పేజీలో ఒకే వాక్యనిర్మాణం ఇరవైసార్లు వస్తుంది, దానికి కథ ఉండదు. ఒక కథల పుస్తకంలో అదే నిర్మాణం ఇరవై వేర్వేరు అవసరాల కోసం వస్తుంది, ప్రతిసారీ ఎవరికో ఏదో అవుతుంటుంది కాబట్టి పిల్ల వదలకుండా చదువుతుంది.

చదివించడానికి ఒక షరతు ఉంది. హు, పాల్ నేషన్ 2000లో చూపించిన దాని ప్రకారం, కథని హాయిగా అర్థం చేసుకోవాలంటే అందులో 98 శాతం మాటలు తెలిసి ఉండాలి. అంటే 50 మాటలకి ఒక్కటే కొత్తది. 80 శాతమే తెలిసినప్పుడు ఎవరికీ సరిగా అర్థం కాలేదు. మనం పిల్లలకిచ్చే పాఠాల్లో ఎన్ని ఈ కొలతకి నిలబడతాయి? మహాకవుల ఖండికలు, ఎత్తయిన వ్యాసాలు, వరసకి నాలుగు కొత్త మాటలు. అది చదవడం కాదు, తవ్వకం. సాహిత్యం మీద నాకున్న ప్రేమ కొద్దీ అంటున్నాను, ఆ ఖండికని ఆస్వాదించగలిగే పాఠకులు తయారవ్వాలంటే దానికి ముందు వందల పేజీలు తేలిక పుస్తకాలు చేతిలో పడాలి. 50కి ఒకటి చొప్పున కొత్త మాటలొచ్చే పుస్తకాలు స్థాయిలవారీగా కావాలి. ఇంగ్లీషుకి అవి రాశులుగా ఉన్నాయి, చాలా భాషలకి లేవు. పద్ధతుల మీద సభలు పెట్టే వనరులతో అవి రాయించినా భాషకి మేలు జరుగుతుంది.

జ్ఞాపకం గురించి ఒక్క మాట. రోడిగర్, కార్పికీ 2006లో చూపించినదాని ప్రకారం, చదివినదాన్ని వెంటనే మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు వారం తర్వాత ముందున్నారు. భాష అంతా వారం తర్వాతి పనే. పీరియడు మొదట్లో పుస్తకం తెరవకుండా కిందటి వారం కథని పక్కవాడికి చెప్పమంటే గుర్తు తెచ్చుకోవడం, మాట్లాడటం రెండు పనులూ అవుతాయి.

ఇదంతా నలభై అయిదు నిమిషాల్లో ఎలా పడుతుందని అడుగుతారు. నేను చేసేది చెబుతాను. మొదటి పది నిమిషాలు జతలుగా పాత కథ చెప్పుకోవడం. తర్వాత పదిహేను నిమిషాలు ఎవరి పుస్తకం వాళ్లు చదువుకోవడం. ఆ సమయంలో నేను గదిలో తిరుగుతూ ఇద్దరు ముగ్గురి పక్కన కూర్చుని వాళ్లు రాసినదాని మీద మాట్లాడతాను. పది నిమిషాలు రాయడం. మిగిలిన పది నిమిషాల్లో, కిందటిసారి ఎక్కువమంది తడబడిన ఒక్క నిర్మాణాన్ని బోర్డు మీద పెట్టి వ్యాకరణం. నేను అందరితో మాట్లాడేది ఆ పది నిమిషాలే.

పరీక్ష ఒప్పుకోదనే అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పరీక్షలో సూత్రాలడిగితే పీరియడంతా సూత్రాలే అవుతుంది, ఏ టీచర్నీ తప్పుపట్టలేం. అందుకే పద్ధతులు మార్చమని టీచర్ల మీద ఒత్తిడి తెచ్చేవాళ్లు ముందు ప్రశ్నపత్రం మార్చాలి. ఎప్పుడూ చూడని రెండు పేజీల కథ ఇచ్చి అడగాలి. వ్యాసం ఒక్కసారి రాయించి మార్కులేసి మూటగట్టకుండా, మొదటి ప్రతిలో తప్పున్నచోట గీత మాత్రం గీసి తిరిగిచ్చి, విద్యార్థే దిద్ది రాసిన రెండో ప్రతికి మార్కులెయ్యాలి. దిద్దే పని రెండింతలవుతుందని టీచర్లు చెప్పేది నిజం. దానికి తగ్గట్టు పీరియడ్లు తగ్గించడమో, క్లాసులో పిల్లల సంఖ్య తగ్గించడమో బడి నడిపేవాళ్లు చేయాల్సిన పని.